డ్యూక్ గారి వేట, రైతు చేను

యూరప్ రాజాస్థానాల చరిత్రలో 'ప్రధాన వేటాధికారి' అనే పదవి కనబడగానే, అదేదో దొరవారి సరదా కోసం పెట్టిన కొలువు అనుకుని దాటేస్తాం. నైరుతి జర్మనీలోని వుర్టెంబర్గ్ సంగతి చూస్తే అలా దాటేయలేం. అక్కడ వేట కొలువు అచ్చమైన రాజకీయ అధికారం.

వుర్టెంబర్గ్ 1495లో డ్యూక్ అనే బిరుదున్న ప్రభువు ఏలే రాజ్యమైంది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే స్థానిక కులీనులు డ్యూక్ చేయి దాటి, జర్మన్ ప్రభువులందరికీ పైవాడైన చక్రవర్తి నీడకు నేరుగా చేరారు. పన్నులకు ఒప్పుకోవాల్సిన సభలో పట్టణ పెద్దలు, మఠాధిపతులే మిగిలారు. కచేరీల్లోనూ చదువుకున్న పట్టణ కుటుంబాలదే పైచేయి. ఇక కులీనులను తనవైపు తిప్పుకోవడానికి డ్యూక్ చేతిలో ఉన్నవి సైన్యం, ఆస్థానం, అడవి. అందుకే వేట, అటవీ శాఖల్లో పెద్ద పదవులు ఎక్కువగా వాళ్లకే దక్కేవి. అడవి ఆదాయం డ్యూక్ సొంత ఖజానాకు చేరేది కాబట్టి అందులో సభ పెత్తనం పెద్దగా నడిచేది కాదు. నా దృష్టిలో ఈ పదవుల అసలు విలువ ఇదే.

డ్యూక్‌కు అంత దగ్గరగా మెలగడంలో ప్రాణాపాయమూ ఉండేది. 1515లో డ్యూక్ ఉల్రిచ్ తన అశ్వశాల అధికారి హాన్స్ ఫాన్ హుట్టెన్‌ను బోబ్లింగెన్ అడవిలో స్వయంగా చంపాడు. హుట్టెన్ భార్యపై డ్యూక్ మనసుపడటమే ఆ గొడవకు మూలం.

అయితే ఈ వ్యవస్థ బరువంతా మోసింది రైతు. రాత్రి అడవిపంది చేలో పడితే దాన్ని కొట్టే హక్కు అతనికి లేదు. నిద్ర మానుకుని కాపలా కాయాలి, అరిచి, చప్పుడు చేసి తరమాలి, అంతే. అతని కుక్క జింకల వెంట పడకుండా దాని మెడకు కర్రదుంగ కట్టాలి. వేట రోజున మృగాలను తోలడానికి, వలలు మోయడానికి వెట్టికి పోవాలి. డ్యూక్ వేటకుక్కలను మేపే భారం కూడా ఊళ్ల మీద, మఠాల మీద పడేది. అడవి తప్పులకు జరిమానా వేసేదీ అటవీ అధికారులే. ఇంక రైతు ఎవరికి మొర పెట్టుకోవాలి? 1514లో వుర్టెంబర్గ్‌లో లేచిన 'పేద కోన్రాడ్' తిరుగుబాటు ఫిర్యాదుల్లో వేట బాధలూ ఉన్నాయి. 1525లో జర్మన్ రైతులు ప్రకటించిన 12 కోరికల్లో నాలుగోది పూర్తిగా వేట, చేపల హక్కు గురించే.

ఆ తర్వాతా వేట వైభవం తగ్గలేదు. డ్యూక్ ఎబర్‌హార్డ్ లుడ్విగ్ 1702లో వేట పేరుతో ఏకంగా ఒక గౌరవ పతక సంఘమే స్థాపించాడు. 1704లో వేట విడిదిగా మొదలుపెట్టిన కట్టడమే తర్వాత లుడ్విగ్స్‌బర్గ్ మహల్ అయింది.

1782 సెప్టెంబరులో రష్యా యువరాజు పావెల్ వచ్చినప్పుడు డ్యూక్ కార్ల్ ఓయిగెన్ చేసిన ఏర్పాట్లు చూడండి. రాజ్యంలోని వేట అడవులన్నిటి నుంచీ జింకలను సాలిట్యూడ్ మహల్ దగ్గరి అడవిలోకి తోలారు. ఆనాటి కథనాల ప్రకారం అవి దాదాపు 6,000. తప్పించుకుపోకుండా వాటికి రైతులు రాత్రింబవళ్లు కాపలా కాశారు. వాటిని గట్టు మీద నుంచి చెరువులోకి దూకించి, మంటపంలోంచి అతిథులు తుపాకులతో కాల్చేలా ఏర్పాటు చేశారు. అది సెప్టెంబరు, పంటలు చేతికొచ్చే కాలం. ఆ వేడుకల సందడిలోనే, సెప్టెంబరు 22 రాత్రి, డ్యూక్ ఆంక్షలు భరించలేక యువకవి షిల్లర్ రాజ్యం విడిచి పారిపోయాడు. అతని పేరు చరిత్రకెక్కింది. చేలు వదిలి కాపలా కాసినవాళ్లలో ఒక్కరి పేరూ మనకు తెలియదు.

ఫ్రాన్స్‌లో ప్రభువుల వేట హక్కులు 1789 ఆగస్టులోనే రద్దయ్యాయి. ఇతరుల పొలాల్లో వేటాడే హక్కు వుర్టెంబర్గ్‌లో పోవడానికి 1848 విప్లవం రావాల్సి వచ్చింది. ఆ ఏడాది నైరుతి జర్మనీలో రైతులు తుపాకులు పట్టుకుని అడవుల్లోకి వెళ్లి, తరతరాలుగా తమ చేలు మేసిన మృగాలను కసితీరా కాల్చారు.