నా నడకకు పదికి నాలుగు

నలభై ఆరేళ్లుగా నడుస్తున్నాను గానీ, నాకు నడవడం రాదన్న సంగతి పోయిన గురువారమే తెలిసింది. బెంగళూరు బెళ్లందూరులో, మా ఆఫీసు నాలుగో అంతస్తులో, పదకొండు గంటల టీకీ లంచ్‌కీ మధ్య బయటపడింది. హెచ్‌ఆర్ వాళ్లు పిలిపించిన ట్రైనర్ గారు గోడ మీద ఒక మెదడు బొమ్మ వేశారు. బూడిద రంగు మెదడు, చెవి వెనకాల ఎక్కడో నారింజ రంగు మచ్చ. "లీడర్ నడిచి వస్తుంటే చూసేవాళ్ల బ్రెయిన్ ఇలా వెలుగుతుంది" అన్నారు. తర్వాతి స్లైడులో మచ్చ లేదు. "ఇది మామూలు ఉద్యోగి వస్తున్నప్పుడు." హాలంతా నిట్టూర్చింది. నా పక్క కుర్రాడు ఆ మచ్చని ఫోటో తీసుకున్నాడు.

ఆ తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినీ నీలం కార్పెట్ మీద నడిపించి మార్కులు వేశారు. నాకు పదికి నాలుగు. చేతులు ఊపడంలో విజన్ లేదట. మా టీములో ఒంగోలాయనకి మడమ నొప్పి, నెల రోజులుగా కుంటుతున్నాడు. ఆయనకి తొమ్మిది! అడుగడుగునా ఆలోచన కనిపిస్తోందట. నిజమే పాపం, ఆలోచిస్తూనే ఉన్నాడు, లిఫ్టు ఇంకా ఎంత దూరమా అని.

ఇలాంటి ట్రైనింగుల మీద మనకున్న గౌరవం గురించి వేరే చెప్పక్కర్లేదు. వెనకటి రోజుల్లో చిలక జోస్యం ఉండేది. అందులో చిలక కనీసం బయటికొచ్చి కార్డు తీసేది.

అయితే ఆ నారింజ మచ్చ వెనక నిజంగానే ఒక ముచ్చటైన శాస్త్రం ఉంది. 1973లో స్వీడన్‌లోని ఉప్సాలా నుంచి గున్నార్ యోహాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రచురించాడు. మనిషి కీళ్ల దగ్గర, అంటే భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్లు, చీలమండల దగ్గర, వెలుగు చుక్కలు పెట్టి మిగతాదంతా చీకటి చేశాడు. మనిషి కదలకుండా ఉన్నంతసేపూ ఆ చుక్కలు, ముగ్గుకని చుక్కలు పెట్టి పాలు పొంగుతున్నాయని లోపలికి పరిగెత్తిన ఇల్లాలి వాకిలిలా ఉంటాయి. మనిషి అడుగు వేశాడా, ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. సెకనులో ఐదో వంతు చాలు, చూసేవాడికి నడుస్తున్న మనిషి కనబడతాడు. 1977లో అమెరికాలో కటింగ్, కోజ్లోవ్‌స్కీ అనే ఇద్దరు ఇంకో అడుగు ముందుకేశారు. మొహం లేదు, ఒళ్లు లేదు, చుక్కలు మాత్రమే ఉన్నాయి. ఆ నడకను బట్టే స్నేహితులు ఒకరినొకరు కొంతవరకు పోల్చుకోగలిగారు. మా అమ్మమ్మ ఏ ప్రయోగమూ చదవలేదు గానీ, వీధి మలుపులో లాంతరు ఊగే తీరు చూసి వచ్చేది తాతయ్యో పక్కింటాయనో చెప్పేసేది.

ఇక మెదడు సంగతి. 2000లో ఎమిలీ గ్రాస్‌మన్ బృందం ఎమ్మారై స్కానర్‌లో పడుకున్నవాళ్లకి నడిచే చుక్కల్ని చూపించింది. అవే చుక్కల్ని చోట్లు మార్చి కలగాపులగం చేసీ చూపించింది. చెవికి పైన, వెనకవైపు ఉన్న ఒక మడత నడిచే మనిషికే ఎక్కువ స్పందించింది. మా ట్రైనర్ గారి మచ్చ అక్కడి నుంచే వచ్చిందనుకుంటాను. చిక్కేమిటంటే, ఎదుటివాడి చూపు ఎటు తిరిగిందో గమనించినా, పెదాల కదలిక చూసినా, గొంతు విన్నా కూడా ఆ మడత స్పందిస్తుంది. అక్కడ వెలిగింది కాబట్టి లీడర్‌నే చూశారనడం, వంటింట్లో స్టవ్ వెలిగింది కాబట్టి బిర్యానీయే అనడం లాంటిది. ఎసరు పెట్టారేమో, పాలు కాస్తున్నారేమో!

ఆ రంగులు మెదడులో ఉండవని కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఇలాంటి ప్రయోగాల్లో ఎమ్మారై చూసేది రక్తంలో ఆక్సిజన్ మార్పుని. లెక్కలు కట్టి రంగు పూసేది కంప్యూటర్. కన్ను సెకనులో ఐదో వంతులో మనిషిని పోల్చుకుంటే, రక్తం ఉధృతంగా చేరేసరికి ఐదారు సెకన్లు పడుతుంది. అది కూడా రింగు రోడ్డు మీదుగానే వస్తుందేమో. లెక్క సరిగ్గా కట్టకపోతే ఏమవుతుందో 2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు చూపించారు. ఒక సాల్మన్ చేపని స్కానర్‌లో పడుకోబెట్టి, మనుషుల ఫోటోలు చూపించి, వాళ్ల మనసులో ఏముందో చెప్పమన్నారు. చేప మెదడులో మచ్చ వెలిగింది. చేప అప్పటికే చచ్చిపోయి ఉంది. వేల గడుల్లో వెతికితే ఎక్కడో ఒకచోట ఊరికే వెలుగుతుంది, అందుకు తగ్గ దిద్దుబాటు చేయకపోతే చచ్చిన చేప కూడా ఆలోచిస్తుంది. 2012లో ఈ పనికి ఇగ్ నోబెల్, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి, ఇచ్చారు. మా ఆఫీసులో అయితే ఆ చేపకి ప్రమోషన్ ఇచ్చి ఉండేవాళ్లు. మీటింగులో మాట్లాడదు, సెలవు అడగదు.

సరే, శాస్త్రానికి నా వంతు సాయంగా ఒక ప్రయోగం ప్రతిపాదిస్తున్నాను. స్కానర్‌లో తల కొన్ని మిల్లీమీటర్లు కదిలినా లెక్కలు పాడవుతాయి. కదలకుండా గంటసేపు ఉండగలిగిన మనుషులు ప్రపంచంలో మా సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో దొరికినంతమంది ఇంకెక్కడా దొరకరు. అక్కడి నుంచి ఒక క్యాబ్ డ్రైవర్‌ని తెచ్చి గొట్టంలో పడుకోబెడదాం. చేతికి ఒక మీట ఇద్దాం, మనిషి కనబడగానే నొక్కాలి. ముందు ట్రాఫిక్ పోలీసు నడక తాలూకు చుక్కలు చూపిస్తాం. మెదడు దీపావళి. మీట మీద చెయ్యి వేయడు, కుడికాలు మాత్రం బ్రేకు కోసం వెతుకుతుంది. తర్వాత రోడ్డు దాటుతున్న ఆడమనిషి చుక్కలు. అదే మడత, అదే మచ్చ, ఏ లోటూ లేదు. ఈసారి మీట నొక్కుతాడు. నొక్కి వదలడు. నొక్కుతూనే ఉంటాడు. టెక్నీషియన్ మైకులో "ఒకసారి చాలండీ" అంటాడు. "ఆమె ఇంకా పక్కకి జరగలేదు సార్" అంటాడు డ్రైవర్. ఈలోపు బయట వరుసలో ఉన్న రెండో వాలంటీరు, ఎందుకో తెలియకుండానే, తన మీట కూడా నొక్కడం మొదలుపెడతాడు.

నవ్వుకున్నాం కదా. ఇప్పుడు మా వీధికి రండి.

మా వీధి ఊడ్చే అక్క తెలుగులోనే మాట్లాడుతుంది. ఈ ఊరి వీధులు ఊడ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో తెలుగే. తాతల కాలంలో తెలుగు ప్రాంతాల నుంచి వచ్చి, ఈ ఊరి చెత్త ఎత్తుతూ ఉండిపోయిన కుటుంబాలు. డిసెంబరులో ఉదయం ఆరు గంటలకి ఇంకా చీకటిగానే ఉంటుంది, ఆవిడ అప్పటికే రోడ్డు అంచున వంగి ఉంటుంది. ఛాతీ మీద, లైటు పడితే మెరిసే రెండు వెండిరంగు పట్టీలున్న జాకెట్ ఇచ్చారు. నడిచే మనిషి ఒంట్లో అన్నిటికన్నా తక్కువ ఊగే చోటు చూసి మరీ కుట్టారు! దూరం నుంచి చూస్తే అది మనిషా, స్తంభమా, పారేసిన రేకు ముక్కా తెలియదు. 2005లో ఆస్ట్రేలియాలో జోవాన్ వుడ్ బృందం రాత్రిపూట, మూసేసిన రోడ్డు మీద, డ్రైవర్లతో పరీక్షించి చూసింది. నల్ల బట్టలు, డిమ్ లైట్లు, ఎదుటి నుంచి కళ్లలో కొట్టే వెలుతురు ఉంటే, నడిచేవాళ్లని గుర్తుపట్టింది 5 శాతం సందర్భాల్లోనే. ఇలాంటి మెరిసే పట్టీలు కీళ్లకి కట్టుకుంటే చాలా బాగా గుర్తుపట్టారు. యోహాన్సన్ చుక్కలు, అంతే. యాభై ఏళ్ల నాటి సంగతి. మోకాలికి, చీలమండకి, మణికట్టుకి మూరెడు టేపు చుట్టడానికి ఏ యంత్రం కావాలి? ఏ కమిటీ కూర్చోవాలి? నా చేతులు ఊగే తీరు కొలవడానికి నీలం కార్పెట్‌కి డబ్బులున్నాయి. ఆవిడ కాళ్లకి పది రూపాయల టేపుకి లేవు. రేపు ఏ బండో గుద్దితే "కనబళ్లేదు సార్" అంటాడు, అందరం తలూపుతాం. సిగ్గు లేని తలలు. వాటిని ఏ స్కానర్‌లో పెట్టినా చేప కన్నా గొప్పగా ఏమీ రాదు.

ఆదివారం స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లి రేడియం టేపు కొన్నాను. (మనం రేడియం అంటాం గానీ అందులో రేడియం ఉండదు.) సోమవారం పొద్దున్నే ఆవిడకిచ్చి, ఎక్కడెక్కడ చుట్టుకోవాలో నా మోకాళ్లూ మోచేతులూ చూపిస్తూ గేటు ముందు నడిచి చూపించాను. ట్రైనర్ గారు చూస్తే ఐదు మార్కులైనా వేసేవారు. ఆవిడ శ్రద్ధగా విని, టేపు కొంగున కట్టుకుంది.

మంగళవారం చూస్తే ఆవిడ ఎప్పటిలాగే చీకట్లో కలిసిపోయి ఉంది. టేపంతా చెత్త తోపుడు బండికి చుట్టి ఉంది, నాలుగు పక్కలా, చక్రాలకి కూడా.

"ఇదేంటక్కా?"

"బండికి సొట్ట పడితే మేస్త్రి జీతంలో కోస్తాడు కదన్నా."