స్పీడు, సౌండు పెంచితే బ్లూస్ పంక్ అయిపోదు

"బ్లూస్‌కీ పంక్‌కీ అవే మూడు కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు). స్పీడు పెంచి, ఆంప్ (గిటార్ సౌండు పెంచే పెట్టె) ఫుల్లుగా తిప్పేస్తే బ్లూస్-పంక్ షో రెడీ. బేస్ (అడుగు స్వరాల గిటార్) మాత్రం ఉండి తీరాలి" అనే మాట తెగ షేర్ అవుతోంది. బ్లూస్ నల్లజాతి అమెరికన్ల సంగీతం, పంక్ వేగంగా, మోటుగా వాయించే రాక్. ఆ మాటలో నిజం మొదటి వాక్యం ఒక్కటే.

ఉదాహరణకి జి కీలో (జి ఆధార స్వరంగా) అవి జి, సి, డి. కార్డులు అవే, సరే. తేడా అంతా నడకలో ఉంది. బ్లూస్ ఊగే నడకైన షఫుల్‌లో బీటుని మూడు ముక్కలు చేసి మొదటిదీ మూడోదీ వాయిస్తారు, మధ్యది ఖాళీ. పంక్‌లో బీటు సరిగ్గా రెండు ముక్కలు, రెండూ పై నుంచి కిందికి మీటే డౌన్‌స్ట్రోకులే. నాలుగేసి బీట్ల పన్నెండు బార్ల చుట్టు (బ్లూస్ పాట తిరిగే ఆవృత్తి) నిమిషానికి 90 బీట్ల దగ్గర 32 సెకన్లు పడుతుంది, 180 దగ్గర 16 సెకన్లే. ఆ వేగంలో మధ్య ఖాళీ దాదాపు మూసుకుపోతుంది. డ్రమ్మర్ తెలియకుండానే సాపుగా, సమాన ముక్కల్లోకి వెళ్లిపోతాడు, గిటారిస్టు ఇంకా ఊపులోనే ఉంటాడు. ఎవరి వాయింపు వాళ్లకి కరెక్టే, పాట మాత్రం కుంటుతుంది. అందుకే హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) సాపుగా నడవాలా, ఊగాలా అన్నది రిహార్సల్‌లోనే తేల్చుకుని మిగతావాళ్లు దాన్నే పట్టుకోవాలి.

స్లైడ్ (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చే వాయింపు) సంగతి మరీ సున్నితం. ఏ తీగా నొక్కకుండానే జి కార్డ్ మోగే ఓపెన్ జి ట్యూనింగ్‌కి ఒకటి, ఐదు, ఆరు తీగల్ని ఒక్కో టోన్ (గిటార్ మీద రెండు మెట్లంత) దించుతారు. వదులైన తీగని పంక్ బలంతో బాదితే శ్రుతి ముందు పైకి ఎగిరి, తర్వాత దిగుతుంది. స్లైడ్‌కి లావు తీగలతో, తీగలు మెడకి కాస్త ఎడంగా ఉండే ఎత్తు యాక్షన్‌తో వేరే గిటార్ పెట్టుకోవడమే మందు.

ఇక సౌండు. 100 వాట్ల ఆంప్ 10 వాట్ల దానికంటే 10 డెసిబెల్సే ఎక్కువ. చెవికి సుమారు రెట్టింపు, పదింతలు కాదు. గాజు వాల్వులతో నడిచే ట్యూబ్ ఆంప్‌లో ఈ సంగీతానికి కావాల్సిన గరగర దాన్ని వాల్యూమ్ బాగా పెంచి తోసినప్పుడే వస్తుంది. చిన్న హాల్లో 15 వాట్లది తోసి, ముందు మైక్ పెడితే చాలు. పెద్దది పెడితే గొంతు మునుగుతుంది, మానిటర్ (స్టేజి మీద సింగర్‌కి వినిపించే స్పీకర్) పెంచుతారు, దాని సౌండు మళ్లీ మైక్‌లోకి దూరి కూత మొదలవుతుంది. పైగా సింగర్ మైక్ తలని గుప్పిట్లో మూస్తే ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైక్ వెనక రంధ్రాలు మూసుకుపోయి అన్ని వైపులా వింటుంది. ఎంత మంచి మిక్స్ అయినా అక్కడ చెడిపోతుంది. పట్టు పిడి మీదే ఉండాలి.

బేస్ తప్పనిసరా? అమెరికన్ బ్యాండ్ వైట్ స్ట్రైప్స్ గిటార్, డ్రమ్స్‌తోనే నడిచింది. ఇంకో అమెరికన్ బ్యాండ్ జాన్ స్పెన్సర్ బ్లూస్ ఎక్స్‌ప్లోజన్ రెండు గిటార్లు, డ్రమ్స్. గిటార్ సిగ్నల్‌ని రెండుగా చీల్చి, ఒకదాన్ని స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే ఆక్టేవ్ పెడల్ మీదుగా బేస్ ఆంప్‌కి పంపితే అడుగు నిండుతుంది.