850 ఎందుకుందో తెలిశాకే కోడ్ ముట్టుకోవాలి

నెల్లూరు ప్రాంతంలో ధాన్యం బేరం ఇప్పటికీ పుట్టి లెక్కనే సాగుతుంది. పుట్టి అంటే 850 కిలోలు. మిల్లు బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో 850 అనే అంకె ఏ పేరూ లేకుండా కనబడితే కొత్త ప్రోగ్రామర్ తప్పనుకోవచ్చు. దాన్ని 1000గా దిద్దితే రైతుకు రావాల్సిన సొమ్ములో 15 శాతం పోతుంది.

డేటానూ దాని మీద చేసే లెక్కలనూ 'క్లాసు'లనే ముక్కలుగా కట్టి రాసిన పాత ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ కోడ్‌ని పక్కన పడేసి మొదటి నుంచి రాద్దామనే తొందర ఇందుకే ప్రమాదం. గుమాస్తాలు ఏళ్లుగా చేయించిన మార్పులు ఆ కోడ్‌లోనే ఉంటాయి. వాటికి వేరే కాగితం ఉండదు.

పాత కోడ్‌ని ఉంచుకునే కొంచెం కొంచెంగా మార్చాలి. అందుకు మొదట పోయిన సీజన్ బిల్లులు ఓ రెండొందలు తీసుకోవాలి. తేమ కోత పడినవి, రద్దయినవి కూడా కలపాలి. పాత ప్రోగ్రామ్ ఇచ్చిన మొత్తాలను పైసలతో సహా ఫైల్‌లో పెట్టుకోవాలి. అవి ఒప్పా తప్పా అన్నది తర్వాతి మాట. కోడ్‌లో ఏది మార్చినా ఆ రెండొందలూ మళ్లీ నడిపి పోల్చాలి.

పైసలెందుకంటే, 10,265 కిలోల ధాన్యం, పుట్టి 20,000 రూపాయలు అనుకుందాం. 850తో భాగహారం పూర్తిగా చేసి చివర్లో రెండు దశాంశాలకు సవరిస్తే 2,41,529.41 వస్తుంది. ముందే 12.08 పుట్లని సవరించి గుణిస్తే 2,41,600. తేడా 70 రూపాయల 59 పైసలు. కోడ్‌లో ఒక్క లైను పైకి జరిగితే చాలు, ఇంత మారిపోతుంది. మిల్లులో ఏ పద్ధతి నడుస్తోందో గుమాస్తాని అడగకుండా ఆ లైను జరపకూడదు.

ఇన్‌హెరిటెన్స్‌తో, అంటే పై క్లాస్‌లో రాసింది కింది క్లాసులకు వారసత్వంగా రావడంతో, ఇంకో చిక్కుంది. 'బిల్లు' పేరెంట్ క్లాస్, దాని కింద ధాన్యం, బియ్యం, తవుడు చైల్డ్ క్లాసులు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ పన్ను తప్పించుకోవడానికే 26 కిలోల బస్తాలు పుట్టాయి. ఈ బరువు షరతును పేరెంట్‌లో ఇరికిస్తే, రైతు తెచ్చిన లోడులో చివర మిగిలిన 20 కిలోల ధాన్యానికీ పన్ను పడుతుంది. పన్ను లెక్కను విడి క్లాస్‌గా తీసి, అవసరమున్న బిల్లుకే అందించాలి. 850కి 'పుట్టి_కిలోలు' అని పేరు పెట్టి ఒకేచోట ఉంచాలి.

ఒక్కో మార్పునీ విడిగా గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) కమిట్ చేస్తే, అంటే నమోదు చేస్తే, తేడా వచ్చినప్పుడు ఆ ఒక్కదాన్నే వెనక్కి తీసుకోవచ్చు. మార్చి, ఏప్రిల్ కోతల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. కాటా దగ్గర ట్రాక్టర్లు వరసకట్టి ఉంటాయి.