ఎఫ్‌జీడీ గడువు గారికి, సి కేటగిరీ నుంచి

గౌరవనీయులైన గడువు గారికి,

మొన్న మధ్యాహ్నమంతా మా ఊరి థర్మల్ ప్లాంటు గేటు దగ్గర పడిగాపులు కాశాను. నేను వెళ్లింది మేడ మీద ఆరబెట్టిన మిరపకాయలపై పడ్డ బూడిద గురించి. చివరికి లోపలికి పిలిచిన సారు అదేమీ వినకుండా, "మనది సి కేటగిరీ అండీ, ఎఫ్‌జీడీ అక్కర్లేదు" అని చల్లగా చెప్పారు. ఎఫ్‌జీడీ అంటే పొగలోని గంధకం వాయువును తీసేసే యంత్రం, అది పెట్టాల్సిన గడువే మీరు. సి కేటగిరీ అంటే పెద్ద నగరాలకూ, బాగా కలుషితమైన ప్రాంతాలకూ దూరంగా ఉన్న ప్లాంట్లు. స్వీటు పెట్టడం ఒక్కటే తక్కువ. బూడిద ఆపాల్సింది ఈఎస్‌పీ అనే ఇంకో యంత్రం, మీకు దానితో సంబంధం లేదు, నాకా మాత్రం తెలుసు. కానీ మీరిక రారన్న సంగతి మాత్రం ఖరారైంది.

2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ రూల్సు తెచ్చినప్పుడు రెండేళ్లలో వచ్చేస్తానన్నారు. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ని సున్నపురాయి కలిపిన నీళ్లతో కడిగేస్తారని, అది జిప్సం అయి సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుందని విని సంబరపడ్డాం. తర్వాత 2022 అన్నారు. మా కేటగిరీకి 2024 అన్నారు, కాదు 2026 అన్నారు, 2024 డిసెంబరు 30న, అందరూ కొత్త సంవత్సరం హడావుడిలో ఉండగా, ఏకంగా 2029 అన్నారు. ముహూర్తాలు కుదరట్లేదేమో పాపం అని సర్దుకుంటే, 2025 జులైలో అసలు పెళ్లే లేదన్నారు. దేశంలో నూటికి 78 ప్లాంట్లది మా కేటగిరీయేనట!

మన బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి అక్కర్లేదట. తక్కువే, కాదనను. మరి 2015లో ఎక్కువుందా? కోట్ల ఏళ్లుగా భూమిలో పడున్న సింగరేణి బొగ్గు ఈ పదేళ్లలోనే బుద్ధి తెచ్చుకుందా? ముందే తెలిస్తే ఇన్ని తేదీలెందుకిచ్చావు, తెలియకపోతే ఆ రూలు ఏం చూసి రాయించావు? అవును, నువ్వే, ఇక గారూ లేదు గీరూ లేదు. నీ మాట నమ్మి కోట్లు పోసి పెట్టించుకున్న ప్లాంట్లున్నాయి, వాళ్ల మొహం ఎలా చూస్తావు? కరెంటు రేటు పెరుగుతుందంటావు. ఆ పొగ గాల్లోకెళ్లి సన్నటి సల్ఫేటు ధూళిగా మారి మా ఊపిరితిత్తుల్లో దిగుతోందే, ఆ బిల్లు మాత్రం మా ఆసుపత్రి ఖాతాలోనే!

బదులుగా పొగగొట్టం ఎత్తు సరిపోతే చాలట. అంటే పక్క మండలం వాళ్లకీ కాస్త పంచుతారు. గేటు బయట "పచ్చదనమే మా ప్రాణం" బోర్డు మాత్రం రోజూ తుడుస్తున్నారు, అదీ బూడిద పడి కనబడక.

2027 డిసెంబరు లోపు తప్పక పెట్టాల్సింది పది లక్షల జనాభా దాటిన నగరాలకి, ఢిల్లీ ప్రాంతానికి పది కిలోమీటర్ల లోపు ప్లాంట్లేనట. మా ఊరికి ఇంకా తొమ్మిది లక్షల చిల్లర తక్కువ. ఎక్కువమంది పిల్లల్ని కనమని పెద్దలు ఎలాగూ చెబుతున్నారు కదా, ప్రయత్నిద్దాం అనుకున్నాం. తీరా చూస్తే లెక్క 2011 జనాభాదట. ఇప్పుడు కని ఏం లాభం?

ఇట్లు,
సి కేటగిరీ పౌరుడు