సవరణ: 'టు లవ్ సమ్‌బడీ' నివాళి పాట కాదు

మొన్న బీ జీస్ బ్యాండ్ అన్నదమ్ముల 'టు లవ్ సమ్‌బడీ' గురించి రాస్తూ, సోల్ (నల్లజాతి అమెరికన్ల సంగీత శైలి) గాయకుడు ఓటిస్ రెడింగ్ పోయాక ఆయన జ్ఞాపకంగా కట్టిన పాట అన్నాను. తప్పు నాదే, తేదీలు చూసుకోలేదు. పాట వచ్చింది 1967 నడిమధ్యలో. ఓటిస్ విమాన ప్రమాదంలో చనిపోయింది అదే ఏడాది డిసెంబర్ 10న. బతికున్న మనిషికి నివాళేమిటి!

ఆ అన్నదమ్ముల్లో ఒకడైన బ్యారీ గిబ్ పాత ఇంటర్వ్యూల ప్రకారం, బ్యాండ్ మేనేజర్ రాబర్ట్ స్టిగ్‌వుడ్ అడిగితే రాసిన పాట ఇది. న్యూయార్క్‌లో ఓటిస్‌కి వినిపించారు కూడా. ఆ సోల్ ఒరవడి ఎక్కడిదో ఇప్పుడర్థమైంది. ఓటిస్ మాత్రం దాన్ని రికార్డు చేయకుండానే పోయారు. అప్పటికే అది బ్యారీ గొంతులో బయటికొచ్చేసింది. ఇంకో సంగతి: రాసేటప్పుడు తన మనసులో ఉన్నది స్టిగ్‌వుడ్డేనని బ్యారీ చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. పాత పోస్టులో నివాళి అన్న వాక్యం తీసేశాను.