పారదర్శక సోలార్: మనకు కావాల్సింది వెలుతురా, నీడా?

గాజులా కనిపించే సోలార్ ప్యానెల్ వీడియో ఏదో ఒకటి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. ఇక ఇంటి కిటికీలే కరెంటు ఇస్తాయని, ఫోన్ స్క్రీనే ఫోన్‌ని చార్జ్ చేసేస్తుందని చెబుతారు. సైన్స్ నిజమే. లెక్క దగ్గరే తేడా వస్తోంది.

ఎండలో కంటికి కనిపించే కాంతి సగం కంటే తక్కువ. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలు, కొద్దిగా అతినీలలోహితం (అల్ట్రావయొలెట్). కనిపించే కాంతిని పోనిచ్చి, మిగిలినదాన్ని పట్టుకునే పూత గాజుకు వేస్తే అవతల ఉన్నదీ కనిపిస్తుంది, కరెంటూ పుడుతుంది. 2014లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రిచర్డ్ లంట్ బృందం చూపించిన నమూనా, మీద పడ్డ ఎండలో దాదాపు 1 శాతాన్నే కరెంటుగా మార్చింది. 2020లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 8.1 శాతానికి వెళ్లారు. కానీ ఆ గాజులోంచి దూరి వచ్చే వెలుతురు 43 శాతమే. డాబా మీది మామూలు సిలికాన్ ప్యానెల్ 20 శాతం పైనే ఇస్తోంది.

ఫోన్ సంగతి ముందే తేల్చేద్దాం. స్క్రీన్ వైశాల్యం సుమారు వంద చదరపు సెంటీమీటర్లు. 5 శాతం సామర్థ్యం అనుకున్నా, మిట్టమధ్యాహ్నం వచ్చేది అర వాట్. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండాలంటే దాదాపు 40 గంటలు అలాంటి ఎండలోనే పెట్టాలి. మే నెలలో ఆ పని చేస్తే చార్జింగ్ మాట అటుంచి, ఫోనే వేడెక్కి ఆగిపోతుంది.

ఇక కిటికీ. ఎండ లోపలికి రాకూడదనే మనం పైన సన్‌షేడ్ వేస్తాం. ఆపైన ఇనుప గ్రిల్, దోమల మెష్, తుడిచిన రెండు రోజులకే పట్టే దుమ్ము. ఎండ తగలకుండా ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న చోట సోలార్ గాజు బిగించి ఏం లాభం? పైగా హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశంలో ఉంది. వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీద ఉంటాడు కాబట్టి నిలువు గాజుకు దక్కే ఎండ తక్కువ. స్విట్జర్లాండ్‌లో సూర్యుడు మనకన్నా బాగా కిందుగా తిరుగుతాడు. అక్కడి లొసాన్ నగరంలో ఈపీఎఫ్‌ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం సమావేశ మందిరానికి పడమటి వైపు 300 చదరపు మీటర్ల రంగుల సోలార్ గాజు పెట్టారంటే అక్కడ అర్థముంది.

మనది నీడ వెతుక్కునే నేల. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ పైన 16 మెగావాట్ల ప్యానెళ్లు కప్పారు. అవి పారదర్శకం కాకపోవడమే మేలైంది. కరెంటుతో పాటు కింద తొక్కేవాళ్లకు నీడ దొరికింది. బస్టాపులకైనా, పార్కింగ్ షెడ్లకైనా ఇదే వర్తిస్తుంది.

అయితే ఒక్కచోట మాత్రం నాకు దీని మీద నిజంగా ఆశ ఉంది: మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడలు. పడమటి గాజు మీద సాయంత్రం ఎండ నేరుగా కొడుతుంది. అప్పుడు బ్లైండ్లు దించి, లోపల లైట్లు వేసుకుని, ఏసీ పెంచుతారు. వెలుతురు కోసం కట్టిన అద్దాల గోడ పక్కన కూర్చుని లైట్లు వేసుకోవడం ఏం తెలివో! ఇక్కడ గదిని వేడెక్కించే పరారుణ కిరణాలను గాజులోనే ఆపగలిగితే వచ్చే కరెంటు కన్నా ఏసీ మీద మిగిలే కరెంటే ఎక్కువ ఉండొచ్చు. గాజు పీల్చుకున్న వేడిలో కొంత మళ్లీ లోపలికే వస్తుంది కాబట్టి, రెండు పొరల అద్దంలో బయటి పొరకే ఈ పూత వేయాలి.

ఇక్కడే అసలు పోటీ. వేడిని వెనక్కి కొట్టే లో-ఇ గ్లాస్ ఎప్పటినుంచో మార్కెట్‌లో ఉంది. దానికి వైర్లు అక్కర్లేదు, ఇన్వర్టర్ అక్కర్లేదు. సోలార్ గాజైతే ప్రతి పలకకూ కనెక్షన్ కావాలి, పదో అంతస్తులో ఒకటి పాడైతే క్రేన్ కావాలి. భవనం యాభై ఏళ్లుంటుంది. కర్బన (ఆర్గానిక్) పదార్థాలతో చేసిన ఈ పూతలు ఎండకు అన్నేళ్లు తట్టుకుంటాయని ఇంకా రుజువు కాలేదు. కాబట్టి ఈ గాజు గెలవాల్సింది డాబా ప్యానెల్ మీద కాదు, లో-ఇ గ్లాస్ మీద.

రేపు ఏ బిల్డరైనా బ్రోచర్‌లో ‘సోలార్ విండోస్’ అని వేస్తే కొనేవాళ్లు అడగాల్సింది సామర్థ్యం ఎంత, వెలుతురు ఎంత వస్తుంది, వారంటీ ఎన్నేళ్లు అని. అదే అపార్ట్‌మెంట్ డాబా ఖాళీగా ఉంటే, అక్కడ మామూలు ప్యానెళ్లు ఎందుకు వేయలేదని కూడా అడగాలి.