అమ్మా కొరాపుట్, ఒక ఓటు ఎంతకొస్తుంది?

ఒడిశాలోని కొరాపుట్ లోక్‌సభ (ఎస్టీ) నియోజకవర్గానికి, రాయగడ, గుణుపురం, జయపురం తెలుగువాళ్లు రాసుకునే ఉత్తరం.

అమ్మా, నీకు ఏడుగురు పిల్లలు: గుణుపురం, బిస్సంకటక్, రాయగడ, లక్ష్మీపూర్, కొరాపుట్, జయపురం, పొట్టంగి. మా పేచీ పొట్టంగితోనే. కానీ ముందు నీ ఘనత చెప్పుకోవాలి కదా.

దేశానికి ఒక్క ఓటు విలువ నేర్పింది నువ్వే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో కూలిన రోజుకి నీ ఎంపీ గిరిధర్ గమాంగ్ ఒడిశా ముఖ్యమంత్రి అయ్యి సరిగ్గా రెండు నెలలు. అసెంబ్లీకి ఎన్నికవడానికి ఆరు నెలల గడువుంది, లోక్‌సభ సీటు ఇంకా వదల్లేదు. ఆ సందులోంచే ఢిల్లీ వెళ్లి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసొచ్చారు. వెయ్యొచ్చా కూడదా అన్నది స్పీకరు, మన అమలాపురం బాలయోగి గారు, ఆయన మనస్సాక్షికే వదిలేశారు. బారాముల్లా ఎంపీ సైఫుద్దీన్ సోజ్ కూడా పార్టీ మాట కాదని అటే వేశారు గానీ పేరు మాత్రం నీకే దక్కింది. ఆ ఏడే మళ్లీ ఎన్నికలొస్తే హేమా గమాంగ్‌ని పంపావు. 1972 నుంచి ఆ ఇంటికి అలవాటుపడ్డ ప్రాణం మరి. (గమాంగ్ గారు తర్వాత బీజేపీలోకి, 2023లో హైదరాబాదెళ్లి బీఆర్ఎస్‌లోకి, 2024లో తిరిగి కాంగ్రెస్‌లోకి. మా కొత్తల్లుళ్లు కూడా అన్ని ఇళ్లు తిరగరు.)

అంత విలువైన ఓటుని 2019లో ఏం చేశావు? సప్తగిరి ఉలాకా గెలిచింది 3,613 ఓట్ల తేడాతో. నోటాకి పడ్డవి 36 వేల పైచిలుకు. గెలుపుని పదిసార్లు తిరగరాసే సరుకు, ఎవరికీ కాకుండా పెట్టె అడుగున! 2014లోనూ మెజారిటీ కన్నా నోటాయే లావు. సరే, ఏమీ వద్దన్న ఓట్లవి, వదిలేద్దాం.

వద్దన్నా రెండేసి ఉన్నచోటికి వద్దాం. పొట్టంగిలో కొటియా. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు గీత గీసినవాళ్లు సర్వే చెయ్యకుండా వదిలేసిన ఇరవై పైచిలుకు ఊళ్లు, రెండు రాష్ట్రాలూ మావేనంటాయి. 2024 మే 13న అక్కడి ఓటరుకి ఇటు నువ్వూ పొట్టంగీ, అటు అరకు లోక్‌సభా సాలూరు అసెంబ్లీ. రెండు తెల్ల బ్యాలెట్లు, రెండు గులాబీవి. మీట నొక్కాక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది కాబట్టి, నాలుగు మీటలకి 28 సెకన్లు. మధ్యలో కొండ దిగి ఎక్కే టైము వేరే. రెండువైపులా వేసినవాళ్లున్నారని పేపర్లు రాశాయి.

ఇక్కడే లెక్క తిరగబడుతుంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదు. అదే పేరుతో వచ్చిన 1951 చట్టం 62(3) ఇంకా కఠినం: ఒకే తరహా ఎన్నికలో రెండుచోట్ల వేస్తే రెండూ చెల్లవు. ఒకటీ ఒకటీ కలిపితే సున్నా అన్నమాట. కానీ మిషన్‌లో పడ్డాక ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? చట్టం లెక్కలో సున్నా, కౌంటింగు బల్ల మీద రెండు.

మరి ఇంకు ఏం చేస్తోందంటావా? దాని పని అది చేస్తూనే ఉంది. అందులోని సిల్వర్ నైట్రేట్ వెలుగు తగిలేకొద్దీ నల్లబడుతుంది. గోరు మీద నుంచి మొదటి కణుపు దాకా గీస్తారు, గోరు పెరిగేదాకా పోదు. ఎడమ చూపుడువేలు చూడాలి, గీత ఉంటే ఓటివ్వకూడదు, అంతే రూలు. చిక్కు ఆ వేలు పట్టుకున్న చేతిది. గీత చూసి వెనక్కి పంపితే, ఈ మనిషి అవతలి రాష్ట్రంవాడని తన చేత్తో ఒప్పుకున్నట్టే. 1968లో సుప్రీంకోర్టుకెక్కి 2006లో ఎటూ తేలక దిగొచ్చిన సరిహద్దు తగువుని ఒక గోరు దగ్గర ఓడిపోవడానికి ఏ పోలింగ్ అధికారి ఒప్పుకుంటాడు? అందుకే అటువాళ్లకీ ఇటువాళ్లకీ ఆ వేలి దగ్గరికొచ్చేసరికి చూపు మందగిస్తుంది.

చూపుడువేలు లేనివాళ్లకి ఏ వేలికి గీయాలో రూల్సులో వరస రాసుంది. వేలు ఉండి, ఊరికి రెండు రాష్ట్రాలుంటే ఏ వేలికో రాయలేదు. వచ్చే ఎన్నికల్లోగా ఎన్నికల సంఘాన్ని అడిగి చెప్పు. ఒడియాలో చెప్పినా పర్లేదు, చదవలేకపోయినా వింటే తెలుస్తుంది మాకు.

ఇట్లు,
నీ తెలుగు ఓటర్లు (తలకొక్కటే)